రంగూన్ వాళ్ళు దొంగలు కారు

దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. నాకు యాభై రెండేళ్ళు, రైల్వేలో ఉద్యోగం. కంటికి కనిపించింది తప్ప ఏదీ నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అనను. ఒక కుటుంబం మీద నేను అబద్ధపు నింద వేశాను. అది ఒప్పుకోవాలంటే ఆ రోజు జరిగిన మిగతాది కూడా చెప్పక తప్పదు.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి నేను కార్యదర్శిని. రెండేళ్ళ క్రితం రంగూన్ నుంచి ఒక తెలుగు కుటుంబం మా దగ్గరికి వచ్చింది. సామ్యూల్, ఆయన భార్య, పద్నాలుగేళ్ళ కూతురు రూతు. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి బర్మా వెళ్ళినవాళ్ళు. తాతల ఊరు చూడడానికి పోతూ, ఆదివారం ఆరాధన కోసం ఇక్కడ ఆగారు. శనివారం సాయంత్రం దిగి, గుడి వెనక గదిలో పడుకున్నారు. అంతకుముందు ఈ ఊళ్ళో వాళ్ళకు ఎవరూ తెలియదు. తర్వాత ఎంత ఆరా తీసినా అదే తేలింది.

బయటి సంఘం నుంచి వచ్చిన కుటుంబం వాక్య ప్రసంగానికి ముందు ఒక పాట పాడడం మా పద్ధతి. రూతు వెళ్ళి హార్మోనియం ముందు కూర్చుంది. మా నాన్న పోయాక మేము సంఘానికిచ్చిన హార్మోనియం అది.

పల్లవి సగంలో ఉండగానే నేను అమ్మ వైపు చూశాను. అమ్మ అప్పటికే నన్ను చూస్తోంది.

అది మా నాన్న పాట. చివరి మూడు నెలల్లో మంచం మీద కట్టుకున్నారు. నోటుపుస్తకంలో రాసుకుని, గొంతు పెగలక మెల్లగా పాడుకునేవారు. అమ్మా నేనూ తప్ప ఎవరూ వినలేదు.

పోనీ, కిటికీ లోంచి ఎవరో విన్నారనుకుందాం. నాన్నకు కుడిచేతి చివరి రెండు వేళ్ళు లేవు. చిన్న వయసులోనే ఒక ప్రమాదంలో పోయాయి. మూడు వేళ్ళతో వాయించేవారు కాబట్టి, పై స్వరానికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి మొత్తం ఎత్తి వేసేవారు. రూతుకు అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఆ చివరి రెండింటినీ అరచేతిలోకి మడిచి, అలాగే చెయ్యెత్తి వేస్తూ వాయించింది. ముందు వరుసలోని పెద్దవాళ్ళూ చూశారు.

నాకు భయం వేసింది. ఆ భయాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అనుమానం పెంచుకున్నాను. ఎవరో వీళ్ళకు నేర్పి పంపారు, మమ్మల్ని ఆట పట్టిస్తున్నారు అనుకున్నాను.

ఆరాధన తర్వాత ప్రేమవిందు. గోల్‌బజార్ నుంచి తెచ్చిన మాంసం, అన్నం వడ్డిస్తున్నారు. నేను రూతు ఎదురుగా కూర్చున్నాను.

“ఆ పాట ఎవరు నేర్పారమ్మా?”

“ఎవులూ నేర్పనేదు మామయ్యా. కూకున్నాక వచ్చేసింది.”

“మరి ఆ వేళ్ళెందుకు మడిచావు?”

“నొప్పెట్టినాయి.”

సామ్యూల్ నవ్వాడు. “ఎక్కడికెళ్ళినా దీనికేటో ఒక పాట వచ్చెస్తాది బావూ. అన్నం వండమంటేనే రాదు!”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నన్ను చూసే నవ్వుతున్నారనిపించింది. లేచి నిలబడి, నాన్న పాటల పుస్తకం వెనక గది బీరువాలో ఉండేదని, పొద్దున చూస్తే లేదని అందరికీ వినబడేలా చెప్పాను. సంచులు విప్పి చూపించమన్నాను.

సామ్యూల్ వెళ్ళి సంచులు తెచ్చాడు. ఆయన భార్య ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, బట్టలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. పుస్తకం లేదు. “ఎక్కడో దాచేసి ఉంటారు” అన్నాను.

అమ్మ నా చొక్కా పట్టుకుని చెవిలో అంది: “ఒరే, ఆ పుస్తకం మీ నాన్న గుండెల మీద నీ సేత్తోనే కదరా ఎట్టినావు? పెట్టెకి మేకులు కొట్టకముందు?”

“నువ్వూరుకో” అన్నాను.

వాళ్ళు భోజనం వదిలేసి లేచారు. గేటు దగ్గర సామ్యూల్ వెనక్కి తిరిగాడు. “మా తాతలు ఈ దేశం నించే ఎల్లినారు బావూ. దొంగలని పేరెట్టించుకుందికి రానేదు మేం.”

సంఘం నా మాటే నమ్మింది. ఆ మాట నోటా నోటా రంగూన్‌లో వాళ్ళ సంఘం దాకా పోయింది. రూతును అక్కడ పాడనివ్వడం లేదని పోయిన నెల మా పాస్టరు గారు చెప్పారు. అమ్మ ఆ రోజు నుంచి గుడిలో నా పక్కన కూర్చోదు.

ఈ కాగితాన్ని వచ్చే ఆదివారం సంఘం ముందు నేనే నిలబడి చదువుతాను. నకలు రంగూన్‌కు పంపుతున్నాను. అక్కడా చదవమని అడిగాను.

ఆ పిల్లకు ఆ పాట ఎలా వచ్చిందో రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నాకు తెలియదు. పుస్తకం ఎక్కడుందో మాత్రం తెలుసు. ఆ రోజు కూడా తెలుసు.