బకెట్లో ఎర్ర నీళ్లు

బళ్లారి జిల్లాలో గనులు జోరుగా సాగుతున్న రోజులవి. మా ఆయన చోరనూరు నుంచి ఇనుప ఖనిజం లారీ తోలేవారు. ఒంటిమీద, కంచంలో, పక్కమీద అంతటా ఎర్ర దుమ్మే. ఆయన బట్టలు నానబెడితే నీళ్లు ఎర్రగా దిగేవి. మూడు నీళ్లు మార్చి పిండి ఆరేసేదాన్ని. నడుము నొప్పే తప్ప వేరే ఆలోచన ఉండేది కాదు.

ఒకసారి ఇంజను చెడి లారీ పదిరోజులు షెడ్డులో పడింది. ఆయన గడప దాటలేదు. అయినా లుంగీ నానబెడితే నీళ్లు ఎర్రబడ్డాయి.

"లారీ ఎక్కకనే ఈ దుమ్ము యాడ్నించి వచ్చె?" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. "సీటు వేడికి మొలలు లేసినాయి. ఎవురికీ చెప్పాకు."

బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తం ఎన్నాళ్లుగా పడుతోందని డాక్టరు అడిగితే, "నాలుగు దినాలు సార్" అన్నారు ఆయన.

నేను మధ్యలో అందుకున్నాను. "కాదు సార్. దసరా నుంచీ లుంగీ వెనకపక్కే మరక ఎక్కువుంటాండాది. దుమ్మనుకోని నేనే ఉతికేసినా."

పెద్దపేగు క్యాన్సర్ అన్నారు. మొలలనుకుని చాలామంది ఇలాగే ఆలస్యంగా వస్తారని డాక్టరు మెల్లగా చెప్పారు. ఆపరేషన్ తర్వాత ఆయన రెండేళ్లున్నారు.

ఇప్పుడు మా వైపు ఆ దుమ్ము లేదు. అయినా ఎవరి బట్టలు నానబెట్టినా, నీళ్లు పారబోసే ముందు వంగి చూస్తాను.