ఒక్కడికి వండని పులుసు

దక్షిణ కొరియాలోని బూసాన్ రేవు పక్క సందులో, ఆదివారం మధ్యాహ్నం: ఒక చేపల హోటల్, సగం ఖాళీ బల్లలు, యజమానురాలు, ఆకలితో నేను. మర్నాడే అక్కడి ఓడల కర్మాగారంలో నా వేసవి ఇంటర్న్‌షిప్ మొదలు. నేను ఒక వేలు చూపించగానే ఆవిడ తల అడ్డంగా ఊపింది. అంతకుముందు ఇంకో రెండు హోటళ్లలోనూ అదే జరిగింది. నా రంగు చూసే కాబోలనుకున్నాను. ఇలాంటి ఊళ్లో వేసవంతా ఎలా ఉండేది? విశాఖలో ఉన్న అక్కకు ఫోన్ చేసి, తిరిగి వచ్చేస్తానన్నాను.

"ఏటి బావా, తినకుండానే ఎల్లిపోతావేటి?" అని వెనక నుంచి ఎవరో నవ్వారు. పెందుర్తి నుంచి వచ్చి ఆ రేవులో పనిచేస్తున్న వెల్డరట.

"నన్ను కూర్చోనివ్వడం లేదన్నా."

"నన్ను మాత్రం కూకోనిత్తారేటి? ఈ సేపల పులుసు ఇక్కడ ఒక్కడి కోసం వండరు. ఇద్దరైతేనే పొయ్యి మీద పెడతారు. నానూ ఎవడో ఒకడు వత్తాడని సూత్తన్నాను. రా."

ఆవిడ మా ఇద్దరి మధ్య ఒకే గిన్నె పెట్టి, అందులోంచే తినమని సైగ చేసింది.

మరుసటి ఆదివారం ఒక నేపాలీ అతను గుమ్మం దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటే మేమే పిలిచాం. ఆ పూట గిన్నె చుట్టూ ముగ్గురం.