దిగని ముద్ద

జపాన్‌లోని అకిటా నగరం పొలిమేరలో, వైద్య సామగ్రి పరీక్షించే ఒక సంస్థలో హిసానో పశువైద్యురాలు. పందులకు మత్తివ్వడం, డాక్టర్లు వాటి పొట్టలోకి కెమెరా గొట్టం దించి పరీక్ష చేస్తున్నంతసేపూ ఊపిరి కనిపెట్టుకుని ఉండటం, తర్వాత వాటి తిండీ నొప్పీ చూసుకోవడం ఆమె పని. పరీక్ష ముగిశాక నిద్రలోనే వాటిని సాగనంపేదీ ఆమే. ఆమె భర్త మిత్సుగుది స్టేషన్ వెనక వీధిలో మంగలి షాపు. "మా ఆవిడ నిద్రపుచ్చితే మళ్ళీ లేవడం ఉండదు. నేను నయం, మెడ మీద కత్తి పెట్టి కూడా ప్రాణాలతో పంపిస్తా" అని కుర్చీలో కూర్చున్నవాళ్ళను నవ్వించేవాడు. ఇద్దరూ ఒక బడిలోనే చదువుకున్నారు. పెళ్ళయ్యాక కూడా బళ్ళో పోట్లాడుకున్నట్టే పోట్లాడుకునేవారు.

చలికాలమంతా సాకే అనే బియ్యపు సారా, ఏడాది పొడుగునా సిగరెట్లు. మిత్సుగుకి అన్నవాహికలో క్యాన్సర్ కనబడితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. తొలిదశలోనే దొరికింది కాబట్టి ఛాతీ కోయలేదు. నోట్లోంచి గొట్టం దించి, చెడిన పొరను లోపలే ఒలిచి తీసేశారు. ఆ పొరను దాదాపు చుట్టూతా తీయాల్సి వచ్చింది. పుండు మానుతూ మానుతూ ముడుచుకుపోయింది. బొటనవేలు పట్టే దారి, జ్యూసు తాగే గొట్టమంత అయింది. రెండు వారాలకోసారి ఆసుపత్రికి వెళితే బుడగ దించి, గాలి ఊది, ఆ ముడతను చీల్చి వెడల్పు చేసేవారు. రెండు రోజులు ఉమ్మిలో రక్తం. ఓ వారం కాస్త తినగలిగేవాడు. మళ్ళీ మూసుకుపోయేది.

ఇలా ఏడాది గడిచాక, శరదృతువులో యూనివర్సిటీ నుంచి ఇవాబుచి అనే డాక్టరు కొత్త మందు పట్టుకుని సంస్థకు వచ్చాడు. పలచటి గంజిలాంటి జెల్లు అది. పొర ఒలిచిన చోట సూదితో ఎక్కిస్తే పుండు ముడుచుకోకుండా మానుతుందని ఆయన ఆశ. పందుల అన్నవాహికల్లో పొర చుట్టూతా ఒలిచి, సగం వాటికి జెల్లు ఎక్కించారు, సగానికి ఉప్పునీళ్ళు. ఏమవుతుందో నెల రోజులు చూడాలి.

ఇంట్లో ఆ రోగమే ఉందని హిసానో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పని వేరేవాళ్ళకి అప్పగిస్తారని భయం.

రెండో వారానికల్లా ఉప్పునీళ్ళ పందులు తొట్టి దగ్గరికి పరుగెత్తుకొచ్చి గబగబా మింగి, ఉన్నట్టుండి మెడ చాచి కదలకుండా నిలబడిపోయేవి. తిన్నదంతా నురగతో బయటికి వచ్చేది. అయినా మళ్ళీ తొట్టిలో మూతి పెట్టేవి. హిసానో వాటికి మేత నానబెట్టి, పలచన చేసి పోసేది. అంతకుమించి చేయడానికి పరీక్ష నియమాలు ఒప్పుకోవు. జెల్లు ఎక్కించిన పందులు మాత్రం తొట్టి అడుగుదాకా నాకేవి.

"భలే తింటున్నాయి కదా, డాక్టరుగారూ" అంది హిసానో.

"అప్పుడే ఏమీ అనుకోకండి. ఇంకా సగం రోజులున్నాయి" అన్నాడు ఇవాబుచి.

ఆ సాయంత్రం మిత్సుగు ముందు నూడుల్స్ గిన్నె ఉంది. బియ్యపు గింజంత ముక్కలుగా కత్తిరించుకుని, ఒక్కొక్కటే నమిలి, నీళ్ళు తాగి, దిగేదాకా గోడవంక చూస్తూ కూర్చున్నాడు. అది చూసి హిసానో ఉండబట్టలేక చెప్పేసింది.

"తింటున్నాయా?" అన్నాడు మిత్సుగు.

"శుభ్రంగా."

"ఎండు మేతే?"

"ఎండుదే."

"నా కన్నా పందులు నయమన్నమాట. మా అమ్మ ఆ మాట ఎప్పుడో అంది." గిన్నె పక్కకి జరిపి అడిగాడు. "మనుషులకెప్పుడు?"

"అన్నీ బాగుంటే వచ్చే ఏడాది యూనివర్సిటీలో మొదలవ్వచ్చు. చీల్చిన వెంటనే అక్కడ ఎక్కిస్తే నీకూ పనిచేస్తుందేమో."

"మరి అందాకా నన్నెందుకు చీల్చడం? చీల్చిన కొద్దీ గట్టిపడుతోందని మీ డాక్టర్లే అంటున్నారుగా."

చీల్చడం ఆపితే దారి పూర్తిగా మూసుకుపోతుందని హిసానోకి తెలుసు. కానీ ప్రతిసారీ తెల్లబడిన మొహంతో బయటికొచ్చే మనిషిని ఇంటికి తీసుకురావడం ఆమెకీ విసుగెత్తిపోయింది.

"ఈ నెలకి ఆపి చూద్దాంలే" అంది.

అప్పటినుంచి ఆమె ఇంటికి రాగానే అతని మొదటి మాట, "మీవాళ్ళు తిన్నారా?"

"తిన్నారు" అనేది.

మూడో వారం చివర్లో జెల్లు పంది ఒకటి మేతను నోట్లోనే పెట్టుకుని నిలబడింది. మర్నాటికి మరో రెండు. అప్పటికి మిత్సుగు నూడుల్స్ మానేసి పులుసు మీది తేటకి దిగాడు. ఆ రోజు కూడా హిసానో "తిన్నారు" అనే చెప్పింది. నిజం చెబితే అతను ఆ తేట కూడా పక్కన పెట్టేస్తాడని అనిపించింది.

చివరి రోజు మత్తిచ్చి కెమెరా దించారు. జెల్లు ఎక్కించిన ప్రతి పందిలోనూ దారి సూది మొనంత. ఉప్పునీళ్ళ వాటికన్నా అన్యాయంగా ఉంది.

"ఆ మందు పుండును ఆపలేదు, ఆలస్యం చేసిందంతే. అది కరిగిపోయాక మచ్చ ఇంకా మందంగా కట్టింది" అన్నాడు ఇవాబుచి. తలమీది టోపీ తీసి చేత్తో నలుపుతూ కూర్చున్నాడు. "నాలుగేళ్ళ పని."

హిసానో ఒక్కొక్క పందికీ చెవి వెనక చెయ్యి వేసి, సూది ఇచ్చి, గుండె ఆగేదాకా దగ్గర ఉంది. అన్నీ అయ్యాక చేతులు కడుక్కుని, సెలవు అడగకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

మిత్సుగు షాపు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గిన్నె. ఉమ్మి కూడా మింగుడుపడక అందులో ఉమ్ముతున్నాడు.

"తిన్నారా?" అన్నాడు.

"లేదు. వారం నుంచే తినటం లేదు. నీకు అబద్ధం చెప్పాను."

అతను గిన్నె వంక చూశాడు. "తెలుసులే. బళ్ళో కూడా అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడేవి."

"తెలిస్తే ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదు?"

"నువ్వే వద్దన్నావుగా." తిట్టినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు అన్నాడు. ఆ మాట హిసానో గుండెలో అలాగే ఉండిపోయింది.

మర్నాడు బుడగ దించారు. అప్పటికి దారి బిరుసెక్కిపోయింది. ఎంత జాగ్రత్తగా ఊదినా ముడత దగ్గర కాకుండా దాని పక్కన గోడ చిరిగింది. గాలి, ఉమ్మి ఛాతీలోకి దిగాయి. జ్వరం, వణుకు. ఆఖరికి ఛాతీ కోయక తప్పలేదు. ప్రాణం నిలిచింది గానీ, ఇక తిండంతా పొట్టకు పెట్టిన గొట్టం ద్వారానే అన్నారు.

షాపు మూసేశాడు. గొట్టంలో పాలలాంటిది పోస్తే ఆకలి తీరేది, నోటి ఆశ తీరేది కాదు. అందుకని హిసానో రోజూ సాయంత్రం నూడుల్స్ ఉడికించేది. అతను నిండుగా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలి, ఆమె పట్టుకున్న గిన్నెలో ఉమ్మేసేవాడు.

"ఉప్పు తక్కువైంది" అనేవాడు.

"మింగనివాడికి రుచెందుకు?"

"మింగేవాళ్ళకి రుచి తెలీదు. గబగబా పోనిస్తారు."

మంచు బాగా పడుతున్న రోజుల్లో మిత్సుగుకి న్యుమోనియా వచ్చింది. వారం తిరక్కుండానే పోయాడు. అంత్యక్రియలకు వచ్చిన పాత ఖాతాదారులు, వేరే షాపులో కత్తిరించుకున్న జుట్టు అతనికి కనబడకూడదన్నట్టు తలలు వంచుకుని నిలబడ్డారు. ఇవాబుచి కూడా వచ్చాడు. సంగతంతా అప్పుడే తెలిసిందాయనకి.

"నాతో ఒక్క మాట అనాల్సింది, డాక్టరుగారూ" అన్నాడు బయట మంచులో. "వాయిదా వేయొద్దని చెప్పేవాణ్ణి."

"ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే చెప్పలేదు" అంది హిసానో.

వసంతంలో ఆయన ఇంకో మందుతో వచ్చాడు. పని వేరేవాళ్ళకి ఇస్తామని సంస్థవాళ్ళు అన్నారు. హిసానో వద్దంది. రెండో వారంలో పందులు తొట్టి ఖాళీ చేస్తున్నాయని సహాయకురాలు సంబరంగా వచ్చి చెప్పింది.

"అలాగా" అంది హిసానో. గది తలుపు వేసుకుని, ఆ పూట కెమెరా పరీక్షకి కావలసిన మత్తుమందు సిరంజిలోకి ఎక్కించడం మొదలుపెట్టింది.