నత్త ఖాళీకి తీసిన అచ్చు

భూగర్భ సర్వే శాఖలో నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను శిలాజ విభాగానికి సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్‌గా మార్చారు. హోదా పేరు పెద్దదే కానీ, పని రాతిలోని శిలాజాన్ని దెబ్బ తగలకుండా బయటికి తేవడం. ఇల్లు ఛత్రినాకలో. రోజూ ఆటోలో వెళ్లివచ్చేదాన్ని.

నేను చేరిన నెలలోనే ఫీల్డు బృందం ఒక చెకుముకి రాయి తెచ్చింది. పాత లావా పొరల నడుమ దొరికింది. అందులో నత్త లేదు, నత్త ఉన్న చోటు ఉంది. గుల్ల ఎప్పుడో కరిగిపోయి, దాని ఆకారంలో బొటనవేలంత గుంత మిగిలింది. అందులో రబ్బరు పోసి, గట్టిపడ్డాక తీస్తే గుల్ల రూపం చేతికొస్తుంది. ఏ ప్రజాతి నత్తో తేల్చాలంటే మూతి అంచూ చుట్ల లెక్కా రెండూ కావాలి.

ముందుగా అలాంటి గుంతలే ఉన్న రెండు చిన్న రాళ్ల మీద ప్రయత్నించాను. రెండింటిలోనూ రబ్బరు కొన తెగి లోపలే ఇరుక్కుంది. ఇది మామూలు నీటి నత్తే అయివుంటుందనీ, రాయిని రంపంతో కోసి చూసి రిపోర్టు ముగిద్దామనీ డైరెక్టర్ గారు అన్నారు. కోస్తే ఆ గుంత ఇక ఉండదు. అంత పూర్తిగా మిగిలిన గుంత ఉన్న రాయి మరొకటి లేదు. వారం గడువు అడిగాను, ఇచ్చారు.

ధూల్‌పేట్‌లో లక్ష్మీబాయి అనే ఆమె వినాయక విగ్రహాల అచ్చులు చేస్తుంది. మా వీధి మంటపానికి విగ్రహం ఆమె దగ్గరే తెస్తాం. నమూనాను ఆఫీసు దాటించే అధికారం నాకు లేదు కాబట్టి, తెగిన రబ్బరు ముక్కను మాత్రం తీసుకెళ్లి చూపించాను. తొండం అచ్చు కడుగుతున్న ఆమె, తడి చేతులు చీరకు తుడుచుకుని ముక్కను వెలుగుకు పెట్టి చూసింది.

"గుంజినవా మేడం?"

అవునన్నాను.

"గుంజితే తెగుతది. గుండ్రంగ ఎక్కినది గుండ్రంగనే దిగుతది. తిప్పుకుంట తియ్యాలె. మా తొండం గిట్లనే సతాయిస్తది."

రబ్బరు ఒక్కసారే పోయొద్దని కూడా చెప్పింది. ముందు సబ్బునీళ్లు, తర్వాత పల్చటి పూత, అది ఆరాక గాజుగుడ్డ పీలిక, దాని మీద మళ్లీ పూత. ఇదంతా ఒక నత్త కోసమని తెలిసి నవ్వింది. "నత్తకు గింత లొల్లా?"

మా పెరటి గోడ మీద దొరికిన ఖాళీ నత్తగుల్లను ప్లాస్టర్‌లో ముంచి, గట్టిపడ్డాక గుల్లను ఆసిడ్‌తో కరిగించి గుంత చేసి, మూడు రోజులు దాని మీద సాధన చేశాను. నాలుగో రోజు అసలు రాయి ముందు కూర్చున్నాను. ఆమె చెప్పినట్టే పూతలు వేసి, ఆరాక తిప్పితే రబ్బరు ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో పట్టేసింది. ఇదివరకైతే లాగేదాన్నే. ఈసారి చేయి తీసి, సబ్బునీటి చుక్క వేసి, టీ తాగి వచ్చి మళ్లీ తిప్పాను. కొనతో సహా దిగింది.

సూక్ష్మదర్శిని కింద మూతి అంచు మందంగా, బయటికి మడిచినట్టుంది. ఆ పొరల్లో మాకు దొరికే నీటి నత్తలకు అలా ఉండదు. డైరెక్టర్ గారు చాలాసేపు చూసి, రాయి కోతకు రాసిన చీటీని చించేశారు. నిపుణులకు పంపితే, అది నేల మీద బతికిన నత్త అనీ, దాని ప్రజాతి మొత్తం అంతరించిందనీ జవాబు వచ్చింది.

రిపోర్టు చివర కృతజ్ఞతల్లో లక్ష్మీబాయి పేరు రాశాను. అక్కడ అధికారుల పేర్లే రాయడం ఆనవాయితీ అని డైరెక్టర్ గారు అన్నారు. అయినా కొట్టేయకుండా సంతకం చేశారు. ఆ పేజీ చూపించినప్పుడు లక్ష్మీబాయి తన పేరు చదివించుకుని, "మంచిదే" అని, కొత్త అచ్చుకు రబ్బరు కలపడం మొదలుపెట్టింది.

ఒక పని మా ఆఫీసులో ఎవరికీ రాదంటే అసలు ఎవరికీ రాదనుకోకూడదని అప్పుడు నేర్చుకున్నాను. మిగిలిన సర్వీసులో ఏదైనా చేయి తిరగని పని ఎదురైతే, అలాంటి పనితో ఊళ్లో ఎవరు బతుకుతున్నారో ముందు కనుక్కునేదాన్ని.