వెనక్కి వేసిన గుప్పెడు

సూరాయమ్మ ఎడమచేతి చిటికెన వేలి మీద కొడవలి గాట్లుండేవి. వరి కోసిన వాళ్ళకి ఎవరికైనా అక్కడే తెగుతుంది. ఎడమ పిడికిట్లో దుబ్బు పట్టుకుని కుడిచేత్తో కోస్తారు. కొడవలి జారితే ముందు దొరికేది ఆ వేలే.

ఆమె కోనసీమలో ఒక కౌలు రైతు కూతురు. తండ్రి పండించిన ధాన్యం కౌలుకీ మిల్లుకీ పోయేది. చిన్నతనంలో ఇంట్లో వండుకున్నది రేషన్ షాపులో తెచ్చిన బర్మా బియ్యం. కళ్ళంలో గింజలు ఊడ్చిన చేతులతోనే సంచీ పట్టుకుని ఆ వరసలో ఎందుకు నిలబడాలో ఆ పిల్లకి అర్థమయ్యేది కాదు. తల్లి మాత్రం ఎసట్లో బియ్యం పోసేముందు, ఎంత తక్కువున్నా సరే, ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది.

ఆ అలవాటు సూరాయమ్మతో పాటు కువైట్ వచ్చింది. రిగ్గైలో ఆమె పనిచేసిన ఇంటి యజమానురాలు పెద్దావిడ. అక్కడి పనిమనుషులందరి లాగే సూరాయమ్మా ఆవిడని మామా అని పిలిచేది, అక్కడి మాటలో అమ్మా అని. గుప్పెడు వెనక్కి వెయ్యడం చూసి మామా ఎగతాళి చేసింది. మా ఇసకలో గింజ పండదు, అయినా కొట్లో బస్తాలున్నాయి, మీ దేశం నిండా పొలాలే, అయినా నీకెందుకే ఈ భయం అని అడిగింది. సూరాయమ్మ నవ్వి, ఆ పూట గుప్పెడూ డబ్బాలో వేసింది. మూడేళ్ళలో మూడు పెద్ద డబ్బాలు నిండాయి. పురుగు పట్టకుండా వాటిలో ఎండుమిరపకాయలు వేసింది.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చేనాటికి మామా కొడుకూ కోడలూ కైరోలో ఉన్నారు, తిరిగి రాలేకపోయారు. ఇంట్లో మిగిలింది మామా, ఇద్దరు మనవలు, సూరాయమ్మ. ఆమె డబ్బాలని మేడమీద పాత పావురాల గూట్లోకి చేర్చి పైన గోనెలు కప్పింది.

సెప్టెంబరులో ఫహాహీల్ నుంచి బుజ్జిబాబు వచ్చాడు. ఆమె పక్క ఊరివాడు, అక్కడ డ్రైవరు. మనవాళ్ళని ఇండియా విమానాల కోసం అమ్మాన్‌కి తీసుకెళ్ళే బస్సులు కదులుతున్నాయన్నాడు.

"నువ్వెళ్ళిపోతే ఆ ముసలావిడేం చచ్చిపోదులే అక్కా."

"ఆవిడ సంగతి సరే. ఈ పిల్లలకి ఎవరొండిపెడతార్రా, నువ్వా? నీ చేతి అన్నం కాకులు కూడా ముట్టవు."

బుజ్జిబాబు ఒక్కడే వెళ్ళిపోయాడు.

నవంబరుకి ఊళ్ళో కొట్లు ఖాళీ అయ్యాయి. ఒక ఉదయం తిండిగింజలు వెతుక్కుంటూ ఇరాక్ సైన్యం జీపు వచ్చి ఇంటిముందు ఆగింది. అధికారి జీపులోనే కూర్చుని ఒక సైనికుణ్ణి లోపలికి పంపాడు. వాడు వంటింట్లో ఉన్న అరబస్తా బియ్యం జీపులో వేసి, మళ్ళీ వచ్చి మేడెక్కాడు. సూరాయమ్మ వెనకే ఎక్కింది. ఆ డబ్బాలు కూడా పోతే పిల్లలకి పెట్టడానికి ఇంట్లో ఇంకేం లేదు.

వాడు గోనెలు లాగి ఒక డబ్బా మూత తీశాడు. అరచెయ్యి లోపలికి దింపి, అడుగునున్న గింజలు పైకి తెచ్చి చూశాడు. పైన పాకిస్తాన్ బాస్మతి, దాని కింద అమెరికా పొడుగు గింజ, అడుగున థాయిలాండ్ బియ్యం, పసుపు తిరిగి ఉంది.

"ఇది ఒక్కసారి కొన్నది కాదు," అన్నాడు.

"కాదు బాబూ. పూటకో గుప్పెడు."

మూత పట్టుకున్న వాడి ఎడమచేతి చిటికెన వేలి మీది గాట్లు అప్పుడు చూసిందామె. మూడేళ్ళలో వంటింట్లో నేర్చిన అరబ్బీలోనే నెమ్మదిగా అడిగింది.

"వరి కోసే చెయ్యి నీది. మీకు పొలాలుండగా మా డబ్బాల కోసం వచ్చావేంటి నాయనా?"

వాడు కోప్పడతాడనుకుంది. వాడు డబ్బా పక్కన కూర్చున్నాడు. యూఫ్రటీస్ ఒడ్డున మిష్ఖాబ్ తమ ఊరని చెప్పాడు. ఎనిమిదేళ్ళ ఇరాన్ యుద్ధం అన్నలిద్దర్నీ మింగింది, సగం మడులు బీడుపడ్డాయి. మిగతా వాటిలో పండే సువాసన బియ్యం బాగ్దాద్ పోతుంది. ఇంట్లో వండేది అమెరికా నుంచి వచ్చే బస్తా. ఆగస్టులో ఆంక్షలు పడి ఆ ఓడలు ఆగిపోయాయి.

"మేం పండిస్తాం. తినేది మాత్రం ఓడలో రావాలి," అన్నాడు.

సూరాయమ్మ తన ఎడమచెయ్యి చాపి చిటికెన వేలు చూపించింది.

"మా నాన్నా అంతే. పండించిందొకటి, తిన్నదొకటి."

కింద జీపు హారన్ మోగింది. ఇంకేమైనా ఉందా అని అధికారి అరిచాడు. వాడు మూత పెట్టి, గోనెలు మళ్ళీ కప్పి, పిట్టగోడ మీంచి తొంగిచూశాడు.

"ఖలాస్, ఇంకేం లేదు," అని చెప్పాడు.

దిగబోతున్న వాణ్ణి సూరాయమ్మ ఆపింది. డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి వాడి చొక్కా జేబులో పోసింది. వాడు వద్దనలేదు. మెట్ల మీదే నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు.

ఆ డబ్బాలే ఆ ఇంటిని ఫిబ్రవరి దాకా లాక్కొచ్చాయి. ఇన్నాళ్ళూ గుప్పెడు వేసిన చేత్తోనే సూరాయమ్మ పూటపూటా తీసి వండింది. సైన్యం పారిపోయిన రోజున చివరి డబ్బా అడుగున మిరపకాయల కింద నాలుగు గుప్పెళ్ళు మిగిలాయి. మామా తన చేత్తో ఆ డబ్బాకి మూత పెట్టింది. ఆ తర్వాత ఎన్నడూ ఎగతాళి చెయ్యలేదు.

పట్టుబడిన ఇరాక్ సైనికులని లారీల్లో తీసుకెళుతున్నారని తెలిసి సూరాయమ్మ రోడ్డు మీదికి వెళ్ళింది. వాళ్ళు చేతులు తలమీద పెట్టుకుని కూర్చున్నారు. చుట్టూ జనం తిడుతున్నారు. ఆమె మాత్రం లారీ తర్వాత లారీ, ఎడమ చేతుల చిటికెన వేళ్ళు చూస్తూ నిలబడింది. గాట్లున్న వేళ్ళు చాలానే కనిపించాయి. వాటిలో అతనిది లేదు.

ఊరికి తిరిగొచ్చాక ఇరవై ఏళ్ళు బతికింది సూరాయమ్మ. యుద్ధం కబుర్లు చెప్పమంటే చెప్పేది కాదు. తొలకరి పడి, బోదెల్లో నీళ్ళొచ్చి, చేలల్లో ఆడవాళ్ళు వంగినప్పుడు మాత్రం అరుగు మీద కూర్చుని ప్రతి ఏడూ ఒకటే మాట అనేది.

"ఇల్లు చేరుంటే, ఆ కుర్రాడూ ఈపాటికి ఊడుపుల్లో ఉంటాడు."