మా బావకి దొరికిన ఆఫీసరు

ఇందుమూలంగా మద్దిలపాలెం మొదలు సీతమ్మధార వరకు నివసించు యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా: ప్రొబేషన్ ఆఫీసరు గారి వీధరుగు మీద పెద్ద స్టీలు గ్లాసుతో టీ ఎవరికి, చిన్న గాజు గ్లాసుతో ఎవరికి అన్న విషయమై నాకూ మా అక్క మొగుడికీ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన వ్యాజ్యం మొన్న ఆదివారంతో కొట్టివేయడమైనది. టీ ఇప్పించే మనిషి లేరు. కొన్నాళ్ళుగా మంచం మీదే ఉన్న ఆఫీసరు గారు ఆ తెల్లవారుజామున, వాళ్ళావిడ, అంటే మా అమ్మగారు, లేపేలోగానే వెళ్ళిపోయారు.

వ్యాజ్యం నడిచిన అన్ని ఏళ్ళూ పెద్ద గ్లాసు మా బావకే వచ్చిందని కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను.

సమాధుల తోటలో శవపెట్టెని తల వైపు మోసిందీ మా బావే. నాకు మిగిలింది గేటు దగ్గర జోళ్ళ కాపలా. అంతా అయ్యాక అమ్మగారు, అంత దుఃఖంలోనూ, బావ గడ్డం పట్టుకుని "ఏమన్నా తిన్నావా నాయనా?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి "మీరెవరండీ?" అన్నారు. ఒకే కేసు, ఒకే రోజు, ఒకే ఆఫీసరు. చదివేవాళ్ళు చెప్పండి, కడుపు మండదా?

కేసంటే పెద్దదేం కాదు. స్టీలు ప్లాంటు కట్టుబడి మొదలైన కొత్తలు. ఓ కంట్రాక్టరు యార్డులో రాగి తీగ చుట్ట ఎత్తబోయి ఇద్దరం దొరికాం. కొన్నాళ్ళు రిమాండులో ఉంచి, మొదటి తప్పు కదా అని జడ్జీ గారు బాండు రాయించుకుని వదిలేశారు. నెలనెలా ప్రొబేషన్ ఆఫీసరుకి కనపడాలి, ఏదో ఒక పనిలో కుదురుగా ఉండాలి. తప్పితే మళ్ళీ లోపలికే.

నేను జైల్లోకి ఎలా వెళ్ళానో అలాగే బయటికొచ్చాను, కొత్తగా నాలుగు బూతులు నేర్చుకుని. బావ మాత్రం సగమే వచ్చాడు. తాళాల గుత్తి చప్పుడైతే లేచి నిలబడేవాడు. నిద్ర లేదు. గోడకేసి తిరిగి కూర్చునేవాడు. పనిలో సుత్తి పైకెత్తి, దించడం మర్చిపోయేవాడు. మా అక్క ఎలమంచిలి అవతల ఎవరో మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది.

మొదటిసారి కనపడ్డానికి వెళ్తే ఆఫీసరు గారు బావని ఒక్కటే అడిగారు. "నిద్ర పడుతోందా?" బావ గోడకేసి తిరిగాడు. ఆయన బావ మొహంలోకి తేరి చూశారు. తర్వాత నాకేసి చూసి, "నువ్వు బాగానే ఉన్నావుగా, సంతకం పెట్టు" అన్నారు. అక్కడ అంటుకుంది నాకు. నా నిద్ర గురించి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో మనసు డాక్టరు ఉన్నాడు, చూపిద్దాం అన్నారాయన. అప్పుడు నోరు విప్పాడు బావ.

"పిచ్చాసుపత్రికా? నాను ఎల్లను బాబూ. ఇప్పటికే దొంగోడన్నారు, రేపు పిచ్చోడంతారు. మేస్త్రి తీసెత్తాడు. పని నేకపోతే మళ్ళా జైలే గదా."

అది నిజమే. అలా పని పోయి మళ్ళీ లోపలికెళ్ళినవాళ్ళని ఆయన ముందే చూసి ఉంటారు. మర్నాడు తిన్నగా మేస్త్రి దగ్గరికెళ్ళి, "నాకు నరాల జబ్బయ్యా. గురువారం గురువారం ఆసుపత్రికి రమ్మన్నారు, తోడు లేకుండా రావద్దన్నారు. ఆ పూటకి వీడిని నాతో పంపు" అన్నారు.

మేస్త్రి బిత్తరపోయాడు. "ఏటి బాబూ, తమకా?"

"నాకే."

వారం తిరక్కుండా మద్దిలపాలెం డిపో దాకా పాకింది, పాపం ఆఫీసరుకి మతి తప్పిందని. నేనే ఆ కబురు మోసుకెళ్ళి చెప్పాను, మొహం ఎలా పెడతారో చూద్దామని. ఆయన నవ్వారు. "అననీరా. నా ఉద్యోగం ఎవరూ తీసెయ్యరు" అన్నారు. అక్క భయపడుతూ తాయెత్తు తియ్యాలా అనడిగితే, "ఉండనీ తల్లీ. దానికీ మాత్రకీ తగువు లేదు" అన్నారు.

ప్రతి గురువారం డిపో దగ్గర టీ కొట్టులో నిలబడి చూసేవాణ్ణి. ఆయన బావ చెయ్యి పట్టుకుని బస్సెక్కించేవారు, కిటికీ పక్క సీటు బావకిచ్చేవారు. మా అయ్య నన్ను బడికి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళలేదు. అందుకే కాబోలు నాకు రెండో తరగతితో చదువు సరిపోయింది.

ఉండబట్టలేక ఓ రోజు జుట్టు రేపుకుని, ఆయన అరుగు మీద గోడకేసి కూర్చున్నాను.

"ఏమైందిరా?"

"గోడలోంచి ఎవరో పిలుత్తన్నారు బాబూ."

"ఏమని?"

"టీ తాగుతావా అని."

"అది మా ఆవిడరా. వంటింట్లోంచి."

చిన్న గ్లాసు చేతికిచ్చి, నేను తాగేదాకా ఆగారు. "ఈ గురువారం నాకు కోర్టుంది. మీ బావకి తోడు నువ్వెళ్ళు. అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో తెలుసుగా?"

తెలుసు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నామో లేదో, మా వీధిలో పాలు పోసే ఆవిడ వాళ్ళమ్మని తీసుకుని దిగింది. బావ నా వెనక్కి జరిగాడు. ఆవిడ కళ్ళు ఇద్దరి మీదా ఆడాయి.

"ఎవలికి బాగోనేదు?"

"నాకేనప్పా" అన్నాను, హాలంతా వినపడేలా. "బావ తోడొచ్చాడు."

"నాను ఎప్పుడో అనుకున్నాను!" అంది, ఆశ్చర్యం ఇసుమంతైనా లేకుండా.

బావ తల వంచేశాడు. భుజాలు కదుల్తున్నాయి. ఏడుస్తున్నాడనుకుని వీపు మీద చెయ్యి వేశాను. నవ్వుతున్నాడు. జైలు నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

ఆ సాయంత్రం పరిగెత్తుకెళ్ళి ఆఫీసరు గారికి చెప్పాను. కుర్చీలోంచి లేచారు. నన్ను దాటుకుంటూ వెళ్ళి, వెనకాల వస్తున్న బావ రెండు భుజాలూ పట్టుకుని, "శభాష్! నవ్వావటరా!" అన్నారు. పిచ్చోడి పేరు నాకు, శభాష్ బావకి. మా వీధిలో నాకు ఇప్పటికీ ఆ పేరే.

బాండు గడువు తీరింది, ఎవరమూ లోపలికి పోలేదు. ఆయన రిటైరయ్యాక కూడా గురువారాలు ఆగలేదు. బావ ఇప్పుడు తనే మేస్త్రి. గురక పెడుతున్నాడని మా అక్క తిడుతోంది.

ఒక్క ముక్క మాత్రం బావకి దక్కనిది నాకు దక్కింది. ఆయన పోయే ముందు వారం నేనొక్కణ్ణే చూడ్డానికి వెళ్ళాను. ఆఫీసరు గారు నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, "మీ బావకి నేను డ్యూటీ చేశానురా. ఇష్టపడింది నిన్నే" అన్నారు. తోటలోంచి వస్తూ బావకి ఈ మాట చెప్పాను కూడా. "అవునురా, నీకంటే ఆయనకి ఇష్టమెవలు?" అన్నాడు వెర్రిబాగులవాడు, ఏడుస్తూ.

ఆయన ఆ మాట అనలేదు. పూర్తిగా నేనల్లిందే. నిజంగా జరిగింది ఇది: దిండు మీంచి తల ఎత్తి, నా భుజం మీదుగా గుమ్మం కేసి చూశారు.

"వాడేడిరా?"

"పన్లోకెల్లాడు బాబూ. రేపొత్తాడు."

"గురువారం వెళ్ళాడా?"

"ఎల్లాడు. నానే తోడెల్లాను."

మంచిదన్నట్టు కళ్ళు మూశారు. కాసేపటికి తెరిచి మళ్ళీ గుమ్మం కేసే చూస్తున్నారు. నేను అడ్డం వస్తున్నానని, కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాను.