పంతొమ్మిదిసార్లు మానేసిన నోరిస్

ఇంగ్లండ్‌లో గ్రిమ్స్‌బీ రేవు పక్క చేపల ఫ్యాక్టరీలో నోరిస్‌కి ఒక్కటే పిచ్చి ఉండేది, మానేయడం. సిగరెట్ మానేసి ఈ-సిగరెట్ పట్టేవాడు. నెల తిరక్కుండా ఈ-సిగరెట్ మానేసి మళ్లీ సిగరెట్ పట్టేవాడు. పదకొండేళ్లలో పంతొమ్మిదిసార్లు మానేశాడు. దేన్ని మానేసినా సరే, గేటు అవతల పొగరాయుళ్ల రేకుల షెడ్డులో నిలబడి, పెళ్లి కుదిరినంత ఘనంగా అందరికీ చెప్పేవాడు.

ప్రతిసారీ ఓ కారణం. ఓసారి ఈ-సిగరెట్ గొట్టంలో కస్టర్డ్ వాసన వచ్చే రసం పోయించుకున్నాడు. పొద్దస్తమానం చేపలు కోసిన చేతులాయె, నోట్లోంచేమో కస్టర్డ్. వీధిలో పిల్లులు ఏం తేల్చుకోలేక ఇంటిదాకా వెంటపడ్డాయట, అందుకని మానేశాడు. ఇంకోసారి బట్టలు మార్చుకునే గదిలో ఆ గొట్టంతో రెండు దమ్ములు లాగితే నిప్పంటుకుందనుకుని ప్రమాద గంట గణగణా మోగి, రెండొందల మంది జుట్టుకి వలలు, కాళ్లకి తెల్ల రబ్బరు బూట్లతో వానలో నిలబడ్డారు. అప్పుడూ మానేశాడు. అసలు కారణం మాత్రం వేరే ఉందనేవాడు. "సిగరెట్‌కి చివరంటూ ఒకటుంటుంది. అది అయిపోతే విశ్రాంతి అయిపోయినట్టు. ఈ గొట్టానికి చివరేదీ? లోపలికి ఎప్పుడెళ్లాలో ఎవడు చెప్తాడు?"

నవ్వనివాళ్లు లేరు. అందరికంటే ఎక్కువ నవ్వింది లొరేన్. ఆ పదకొండేళ్లూ అతని పక్క బల్ల మీదే చేపలు కోసిన మనిషి.

ఆ లొరేన్‌కే ముప్పొచ్చింది. కాలి రక్తనాళాలు పూడుకుపోతున్నాయి, సిగరెట్ మానకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. క్లినిక్‌లో ఊరికే ఇచ్చిన ఈ-సిగరెట్ పుచ్చుకుని, ఏడుపు దిగమింగుకుంటూ షెడ్డుకొచ్చింది. నోరిస్ ఆ పూటే తన సిగరెట్ పెట్టె తీసి చెత్తబుట్టలో పడేశాడు.

"పదవే తల్లీ, ఇద్దరం కలిసి మానేద్దాం."

లొరేన్ పన్నెండు రోజులు ఆగింది. పదమూడో రోజుకి మొగుడు పోయి సరిగ్గా ఏడాది. పొద్దున్నే వంటింట్లో నిలబడి రెండు కాల్చేసింది. సిగ్గుతో తల వంచుకుని షెడ్డుకొస్తే, నోరిస్ అప్పటికే వేళ్ల మధ్య సిగరెట్‌తో నిలబడి ఉన్నాడు.

"నన్ను తిట్టు లొరేనూ. నిన్న సాయంత్రమే ఓడిపోయాను. నాతో చేరి నువ్వు కూడా పాడైపోతావు."

తన సంగతి మింగేసి అతన్ని కడుపారా తిట్టింది. ఆడంగి వెధవన్నది, వెన్నెముక లేదన్నది. తిట్టి తిట్టి తనకే ధైర్యం వచ్చి, సోమవారం మళ్లీ మానడం మొదలుపెట్టింది. రెండోసారీ సరిగ్గా అంతే జరిగింది. మూడోసారి మాత్రం గట్టెక్కింది. ఏడు నెలలు సిగరెట్ ముట్టలేదు, కాలు నిలిచింది.

ఫిబ్రవరిలో నోరిస్ పోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. పక్క బల్ల ఖాళీగా కనిపిస్తుంటే లొరేన్‌కి కత్తి ఆడలేదు. అంత్యక్రియలయ్యాక క్లబ్బులో టీ, శాండ్‌విచ్‌లు పెట్టారు. నోరిస్ అక్క హిల్డా చెయ్యి పట్టుకుని, ఆ దిక్కుమాలిన సిగరెట్లే మనిషిని తినేశాయని ఏడ్చింది లొరేన్.

హిల్డా వింతగా చూసింది. "ఏ సిగరెట్లు? వాడు కాల్చడం మానేసి పాతికేళ్లు దాటిందమ్మా. మా అమ్మ ఊపిరాడక పోయిన రోజున మానేశాడు. ఆ గొట్టంలో పోసుకునేది కూడా నికోటిన్ లేని రసమే. ఫ్యాక్టరీలో ఎవరైనా మానలేక అవస్థ పడుతుంటే తోడుండేవాడు, అంతే. వాళ్లు తల వేలాడేసుకుని వస్తుంటే దూరాన్నుంచే పోల్చుకుని, సిగరెట్ ఒకటి వెలిగించి ఊరికే చేత్తో పట్టుకునేవాడు. ముందు తనే ఓడిపోయానంటే వాళ్లకి సిగ్గు తగ్గుతుందట."

లొరేన్‌కి ఏడు నెలల్లో ఎన్నడూ లేనంతగా సిగరెట్ కావాలనిపించింది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి. కాలు పోతే పోయింది. క్లబ్బు పెరట్లోకి పోయి, ఐసు గదిలో పనిచేసే డెరెక్‌ని అడిగి ఒకటి పుచ్చుకుంది. హిల్డా చెప్పిందంతా అతనికీ చెప్పింది.

డెరెక్ మొహం పాలిపోయింది. "నాకోసం మూడుసార్లు ఓడిపోయాడు. నేనింకా కాలుస్తూనే ఉన్నాను."

ప్యాకింగ్‌లో పనిచేసే పమేలా, మూడేమిటి, తనకోసం నాలుగుసార్లు ఓడిపోయాడంది. కస్టర్డ్ సారి నాదంటే నాదని ఇద్దరు పట్టుబట్టారు. చూస్తుండగానే ఆరుగురు చేరి, ఏడుస్తూనే వాటాలకి దిగారు. లెక్క పంతొమ్మిది దాటి ఇరవై ఆరుకి పోయింది, అయినా ఎవరూ ఒక్కటి కూడా వదులుకోలేదు. లొరేన్ రెండే అడిగింది గానీ, అందరికంటే గట్టిగా అరిచింది ఆవిడే. పక్క బల్ల మనిషిని, నాకు తెలీదా అని దెబ్బలాడింది. చివరికి ఐదింటి బస్సు వేళైందని ఎవరో గుర్తుచేస్తే పరుగెత్తింది.

బస్సు సగం దూరం పోయాక, పక్క సీటులో పెద్దాయన దగ్గి, ఇక్కడ కాల్చకూడదమ్మా అన్నాడు మెల్లగా. లొరేన్ వేళ్ల వంక చూసుకుంది. వెలిగించని సిగరెట్ అలాగే ఉంది. పెరట్లోకి దేనికి వెళ్లిందో ఆ పోట్లాటలో పూర్తిగా మర్చిపోయింది.

"కాల్చనులెండి," అంది, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "ఊరికే పట్టుకున్నాను."